డెబ్బై రెండో వంతు విమానం

బొమ్మలు చిన్నపిల్లల వస్తువులని ఎవరైనా అంటే, వాళ్ళింట్లో ఏనాడూ బొమ్మల కొలువు పెట్టలేదని తెలుసుకోవాలి. ఏ మెట్టు మీద ఏ బొమ్మ కూర్చోవాలో, ఏ బొమ్మ ఏ అత్తగారి కాలంలో ఇంటికి వచ్చిందో కొలువు పెట్టే ఇల్లాలికి తెలుసు. నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట ప్రాంతం వాళ్ళకి ఈ విషయంలో కాస్త గీర కూడా ఉంది. బెజవాడ వెళ్ళే దారి పక్కనే కొండపల్లి ఉందాయె!

కొండపల్లి బొమ్మలో పోలిక ఉంటుంది గాని కొలత ఉండదు. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతికి, రంగులు వేస్తారు. అంబారీ మీద రాజుగారు ఏనుగు తలకాయంత ఉన్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు. రాజు రాజులా ఉన్నాడా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు మన ఇళ్ళల్లోకి ఇంకో జాతి బొమ్మ వచ్చింది. కొలతే ప్రాణంగా గల బొమ్మ. ప్లాస్టిక్ యుద్ధవిమానం. జగ్గయ్యపేటలో ఉండే మా తమ్ముడి కొడుకు పోస్టులో తెప్పించుకున్న పెట్టె విప్పి, “అత్తయ్యా, ఇది మంచిదో కాదో ఎలా చూడాలి?” అన్నాడు. నవలలు రాసుకునేదానికి విమానాలెందుకని మీరు అనవచ్చు. కొలబద్ద పట్టుకోవడం నాకూ వచ్చు. పైగా ఆ పెట్టెలో మన జిల్లా చరిత్ర కొంచెం దాక్కుని ఉంది.

ముందు కొలత సంగతి. ఈ విమానాలు ఎక్కువగా అసలులో డెబ్బై రెండో వంతు ఉంటాయి. ఆరడుగులకి ఒక అంగుళం అన్నమాట. నిలబడ్డ మనిషి అంగుళం బొమ్మ అయిపోతాడు. ఇంగ్లండులో 1936లో ఫ్రాగ్ కంపెనీ వాళ్ళు ‘పెంగ్విన్’ పేరుతో అమ్మిన తొలి ప్లాస్టిక్ విమానాలది ఈ కొలతే. 1942లో అమెరికా నౌకాదళం ఇదే కొలతతో 5 లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమని బడిపిల్లల్ని అడిగింది. ఆటకి కాదు సుమా! ఆకాశంలో కనిపించేది మనదా, శత్రువుదా అని సైనికులు నీడని బట్టే గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. బొమ్మ తప్పయితే మిత్రుణ్ణే కూల్చేస్తారు. ఈ బొమ్మల మీద అంత పట్టింపు పెరగడానికి ఇదీ ఒక కారణం కాబోలు.

ఇక పెట్టె విప్పుదాం. స్పిట్‌ఫైర్ అనుకోండి. అసలు విమానం రెక్క కొస నుంచి కొస వరకు 36 అడుగుల 10 అంగుళాలు. బొమ్మలో అది 6 అంగుళాలు దాటీ దాటకుండా ఉండాలి. పొడవు సరిగ్గా 5 అంగుళాలు. బడిపిల్లవాడి స్కేలు చాలు. తర్వాత ఒంటి మీద గీతలు చూడాలి. పాత కిట్లలో రివెట్లు ఉబ్బెత్తుగా ఉండేవి. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. డెబ్బై రెండుతో గుణించండి, అసలు విమానం మీద నిమ్మకాయలు అతికించినట్టు! కొత్త కిట్లలో గీతలు లోపలికి చెక్కుతున్నారు. అవీ మరీ లోతైతే రేకుకీ రేకుకీ మధ్య వేలు దూరే సందున్నట్టు లెక్క. అంచుల్లో ప్లాస్టిక్ పొరలు కారాయా, లావుపాటి చోట గుంటలు పడ్డాయా చూడాలి. జిగురు పూసే ముందే ముక్కల్ని ఉత్తినే కూర్చి చూడాలి. జాకెట్టు కుట్టే ముందు టాకాలు వేసి చూసుకోమూ, అలాగన్నమాట.

ఇవన్నీ సరిపోయాక అసలు పరీక్ష డెకాల్ కాగితం దగ్గర వస్తుంది. నీళ్ళలో నానబెట్టి విమానం మీదకి జార్చి అతికించే గుర్తులు. ఆ గుర్తుల్ని వివరించే సూచనల కాగితంలో ‘152 (హైదరాబాద్) స్క్వాడ్రన్’ అని కనిపించవచ్చు. రాయల్ ఎయిర్ ఫోర్సు దళానికి మన హైదరాబాదు పేరేమిటి?

మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక దళానికి సరిపడా విమానాలు బహూకరించాడు. అది 110వ స్క్వాడ్రన్. 1918లో ఫ్రాన్సుకు వెళ్ళిన దాని డీహెచ్-9ఏ విమానాల మీద అవి నిజాం కానుక అని రాసి ఉండేది. రెండో యుద్ధంలో హైదరాబాదు పేరు మరి రెండు దళాలకి వచ్చింది. స్పిట్‌ఫైర్ల 152కీ, హరికేన్ల 253కీ. 152 వారి చిహ్నంలో నిజాం తలపాగా, కింద ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అని నినాదం! మనమూ ఏం తక్కువ తినలేదు. 79, 234, 264 స్క్వాడ్రన్లకి తగిలిన పేరు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’. కృష్ణాజిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా.

జగ్గయ్యపేటలో నిలబడి చూస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. ఊరు దాటి కొంచెం దూరం వెడితే నైజాం సరిహద్దు. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. ఇటు ఇంగ్లీషు దొరల చట్టం, అటు నిజాం ఫర్మానా. ఏ విషయంలోనూ కలవని ఆ రెండు వైపుల పేర్లూ ఎక్కడో ఇంగ్లండు ఆకాశంలో పక్కపక్కన ఎగిరాయి.

ఆ పేర్లు ఎవరి ఇష్టంతో ఎగిరాయి అన్నది ఏ కిట్టూ చెప్పదు. నైజాంలో రైతుని అడిగినవాడు లేడు. ఇటు కథ ఇంకా చిత్రం. భారతదేశాన్ని అడక్కుండా యుద్ధంలోకి లాగారని 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1940 అక్టోబరులో, ఇంగ్లండు మీద వైమానిక పోరు ఇంకా ముగియకుండానే, గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టించారు. ఈ యుద్ధానికి మనిషినీ ఇవ్వం, డబ్బూ ఇవ్వం అని చెప్పి జనం జైళ్ళకి వెళ్ళారు. ఇవ్వనన్నవాళ్ళూ, ఇచ్చినవాళ్ళూ, భయపడి ఇచ్చినవాళ్ళూ అందరూ కలిసి బ్రాకెట్లో ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అయిపోయారు. విమానాన్ని డెబ్బై రెండో వంతుకి తగ్గించారు సరే, మనుషుల్ని ఎన్నో వంతుకి తగ్గించారు?

అలాగని యుద్ధం మనది కాదని చేతులు దులుపుకోవడానికీ లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. తర్వాత ఆ 152వ దళమే బర్మాకి వచ్చి జపాను మీద పోరాడింది. అక్కడ దాని విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేశారు. కిట్టు కొనేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. 1940 నాటి స్పిట్‌ఫైర్‌కి మూడు రెక్కల పంకా, బర్మా నాటి ఎనిమిదో రకానికి నాలుగు రెక్కల పంకా. చిరుత బొమ్మ ఉండీ పంకాకి మూడు రెక్కలే ఉంటే ఆ కిట్టు తప్పు. ఇంకొకటి. ఇంగ్లండులో గుండ్రటి గుర్తు మధ్య ఎర్ర బొట్టు ఉండేది. జపాను గుర్తు ఎర్ర సూర్యుడు గనక, పొరపాటున సొంతవాళ్ళే కాల్చకుండా బర్మాలో ఆ బొట్టు తీసేసి రెండు నీలాలే ఉంచారు. బొట్టు ఒక్కటీ చూస్తే చాలు, ఏ ఆకాశంలో ఎగిరిన విమానమో తెలిసిపోతుంది.

నందిగామ, జగ్గయ్యపేటలు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళాయి. మద్రాసు ప్రెసిడెన్సీ లేదు, నైజాం లేదు. ఆ పేర్లు ఇప్పుడు పిల్లల చేతికి వచ్చే దారుల్లో ఈ ప్లాస్టిక్ పెట్టె కూడా ఒకటి. అందుకని మీ ఇంట్లో పిల్లలెవరైనా విమానం కూరుస్తుంటే రెక్కలు కొలవనివ్వండి, రివెట్లు లెక్కపెట్టనివ్వండి. సూచనల కాగితం మాత్రం పారెయ్యనివ్వకండి. అందులో బ్రాకెట్ల మధ్య ఉన్న పేరు చూపించి, “ఇదెవరి డబ్బురా?” అని అడగండి. జవాబు కోసం వాడు తాతయ్య దగ్గరికో, గ్రంథాలయానికో వెడితే ఆ కిట్టుకి పెట్టిన ఖరీదు గిట్టినట్టే.