మగ్గు మీద ముఠా నాయకుడు

వికారాబాద్‌లోనో తాండూరులోనో ఫొటో స్టూడియోకు వెళ్తే పాస్‌పోర్టు ఫొటోలే కాదు, పింగాణీ మగ్గు మీద కోరిన బొమ్మ కూడా అచ్చు వేసిస్తారు. ప్రత్యేకమైన సిరాతో బొమ్మను కాగితం మీద తిరగేసి ముద్రిస్తారు. పాలిమర్ పూత ఉన్న తెల్ల మగ్గుకు ఆ కాగితం చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు బిగించి ఉంచుతారు. సిరా ఆవిరై పూతలోకి ఇంకిపోతుంది. పెళ్లిరోజుకు దంపతుల ఫొటో, పుట్టినరోజుకు పిల్లల ఫొటో, అభిమానికి తన హీరో. ఆన్‌లైన్ దుకాణాల్లో ఇలాంటి మగ్గుల మీదే మరో మొహం కనిపిస్తుంది. నెత్తిన టోపీ, నోట్లో చుట్ట, ఎడమ చెంపన కత్తిగాటు. షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్.

నేరస్తుణ్ణి పింగాణీకి ఎక్కించడం ఈ కాలం వాళ్లు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల్లో 1,200కు పైగా పలకల మీద బొమ్మలు అచ్చు వేసి చూపించారు. చేత్తో చిత్రించే రోజుల్లో అది ఊహించలేని వేగం. బొమ్మ ఉన్న పింగాణీ మామూలు ఇళ్లకు చేరడానికి ఆ వేగం దారి వేసింది. 19వ శతాబ్దంలో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు రాజులు, రాణులు, సేనానుల పింగాణీ బొమ్మలు చేసి అమ్మారు. ఉరికంబం ఎక్కినవాళ్లనూ వదల్లేదు. 1739లో యార్క్‌లో ఉరితీసిన దారిదోపిడీ దొంగ డిక్ టర్పిన్ గుర్రమెక్కి అల్మారాల్లో కొలువుదీరాడు. విషప్రయోగం కేసులో 1856లో ఉరిపడ్డ డాక్టర్ విలియం పామర్‌కూ బొమ్మ వచ్చింది.

అదే శతాబ్దంలో మన నేల నుంచి కూడా అలాంటి సరుకు వెళ్లింది, కాకపోతే పింగాణీగా కాదు, పుస్తకంగా. నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లిషు అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్, బాటసారుల గొంతు బిగించి చంపే థగ్గుల మీద 1839లో ఒక నవల అచ్చు వేయించాడు. ఇంగ్లండు పాఠకులు దాన్ని ఎగబడి చదివారు.

ఇక మగ్గు మీది కపోన్ 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. 1920 జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. తాగేవాళ్లు మానలేదు, అమ్మకం చీకట్లోకి వెళ్లింది. రహస్య మద్యశాలలు కొన్నింటిలో సారాను టీ కప్పుల్లో పోసి ఇచ్చేవారు. పోలీసులు వస్తే చూడ్డానికి టీ తాగుతున్నట్టే ఉండేది. కపోన్‌కూ పింగాణీ కప్పుకూ చుట్టరికం ఉంటే గింటే అది ఇదే. 1925లో షికాగో ముఠా నాయకుడు జానీ టోరియో తప్పుకోవడంతో, 26 ఏళ్ల వయసులో అతని ముఠా పగ్గాలు కపోన్ చేతికొచ్చాయి. పోలీసులకు, రాజకీయ నాయకులకు లంచాలు ముట్టేవి. మాట విననివాళ్లకు తుపాకీ జవాబు చెప్పేది.

1929 ఫిబ్రవరి 14న షికాగోలోని నార్త్ క్లార్క్ స్ట్రీట్ గ్యారేజీలో ఏడుగురిని గోడవారగా నిలబెట్టి కాల్చి చంపారు. చంపినవాళ్లలో కొందరు పోలీసు దుస్తుల్లో వచ్చారు. అనుమానం కపోన్ మీదికి మళ్లింది, కానీ ఆ రోజు అతను ఫ్లోరిడాలో ఉన్నాడు. ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. మరుసటి ఏడాది ఆర్థిక మాంద్యంలో అతను నిరుద్యోగులకు ఉచితంగా భోజనం పెట్టించాడు. మగ్గులు కొనేవాళ్లను ఆకట్టుకునే దయగల దొంగ కథకు మూలం ఈ అన్నదానమే.

అతణ్ణి చివరికి పట్టిచ్చినవి లెక్కల పుస్తకాలు. 1926లో ఒక జూదశాల మీద దాడిలో దొరికి, మూలన పడి ఉన్న ఖాతా పుస్తకాన్ని పన్నుల శాఖ అధికారి ఫ్రాంక్ విల్సన్ 1930లో బయటికి తీశాడు. ఆ రాత ఎవరిదో పోల్చి, రాసిన క్యాషియర్‌ను వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించాడు. 1931 అక్టోబరులో ఆదాయపు పన్ను ఎగవేతకు కపోన్‌కు 11 ఏళ్ల జైలు, 50 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. 1934లో ఆల్కట్రాజ్ జైలుకు మార్చారు. అక్కడ అతని నంబరు 85. సిఫిలిస్ మెదడుకు ఎక్కి, 1939లో విడుదలై, 1947లో 48 ఏళ్లకే చనిపోయాడు. ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చున్న విల్సన్ మొహం మాత్రం మగ్గుల అంగడికి అక్కరలేకపోయింది.

రక్తాన్ని జ్ఞాపికగా మార్చడంలో అక్కడి జనం వెనకాడలేదు. 1934 జూలై 22న బ్యాంకు దొంగ జాన్ డిల్లింజర్‌ను షికాగోలో సినిమా హాలు బయట కాల్చి చంపినప్పుడు, జనం చేతిరుమాళ్లను అతని నెత్తుటిలో అద్దుకున్నారు. 1967లో నార్త్ క్లార్క్ స్ట్రీట్ గ్యారేజీని కూల్చితే, తూటాలు దిగిన గోడ ఇటుకలను కెనడా వ్యాపారి ఒకడు కొనుక్కుపోయాడు. వాటిలో చాలా ఇటుకలు ఇప్పుడు లాస్ వేగాస్ మ్యూజియంలో గోడగా నిలబడి ఉన్నాయి. ఆల్కట్రాజ్‌ను 1963లో మూసేశారు. 1973 నుంచి అది యాత్రాస్థలం.

మద్యనిషేధం తెలుగువాళ్లూ చూశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, వాచకంలో సీతమ్మ కథ చదివి, తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ల ముందు నడిచిన మనిషి రోశమ్మ. 1992లో ఆ పోరాటం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు రావడం ఒకటి. నాపరాయికి, కందిపప్పుకు పేరుపడ్డ తాండూరు కర్ణాటక సరిహద్దు ఊరే. ఇంటాయన తాగుడుకు కూలిడబ్బులు కరిగిపోతే పిల్లల కంచంలో ఏమి మిగులుతుందో ఈ ప్రాంతపు తల్లులకు ఎవరూ నేర్పనక్కర లేదు.

మద్యంతో కోట్లు గడించినవాడి మొహం కప్పుకెక్కింది. మద్యం మీద తిరగబడ్డ ఆడవాళ్ల మొహాలు పాత పత్రికల కట్టల్లోనే ఉండిపోయాయి. ఇది సరికాదు. కపోన్ మగ్గు ఇంటికి వస్తే, దాన్ని చూసి మురిసే పిల్లలకు ఆ ఏడుగురి సంగతీ, ఆ ఖాతా పుస్తకం సంగతీ చెప్పాలి. ఇంకొక మగ్గు చేయించుకునేవాళ్లు స్టూడియోకు దూబగుంట రోశమ్మ ఫొటో తీసుకెళ్లండి. అచ్చు ఖర్చు ఏ మొహానికైనా ఒకటే.