మార్కాపుర సీమలో ప్రాథమిక పాఠశాలల గుర్తింపు

ప్రభుత్వ మంగీకరించినదే పాఠశాల, అంగీకరింపనిది పాఠశాల కాదు అను నభిప్రాయము నేడు లోకమున స్థిరపడియున్నది. ఇది యనాదిసిద్ధమైన నియమము కాదు. పూర్వము గ్రామము మెచ్చుటయే బడికి గుర్తింపు. పిమ్మట ద్రవ్యసహాయము కోరిన బడికి మాత్రమే గుర్తింపు అవసరమయ్యెను. కట్టకడపట గుర్తింపు లేని బడి నడపుట నేరమయ్యెను. నల్లమల చెంతనున్న పుల్లలచెరువువంటి మెట్టగ్రామముల దృష్టితో చూచినచో నీ మార్పుయొక్క లాభనష్టములు రెండును స్పష్టమగును.

ఈ సీమ పలుమాఱు జిల్లాలు మాఱినది. 1800 సంవత్సరమున నైజాము దత్తమండలములను కుంఫిణీవారి కిచ్చిన పిమ్మట మార్కాపుర ప్రాంతము కడప జిల్లాలో నుండెను. 1858లో మార్కాపురము, కంభము తాలూకాలు కర్నూలు జిల్లాలో చేర్పబడెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు మార్కాపురము దానిలో చేరెను. 1985లో మండలము లేర్పడగా పుల్లలచెరువు మండల కేంద్రమయ్యెను. కావున నీ సీమ బడుల పూర్వచరిత్ర నరయువారు మొదట కడప లెక్కలను, పిదప కర్నూలు లెక్కలను పరిశీలింపవలసియుండును.

మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూన్ నెలలో దేశీయ పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టరుల కుత్తరువు చేసెను. ఆ లెక్కలను క్రోడీకరించి 1826లో నాతడు వ్రాసిన నివేదికనుబట్టి రాజధాని యంతటను 12,498 పాఠశాలలు గలవు. కడప జిల్లాలో 494 బడులును 5,892 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆ పట్టికలు తెలుపుచున్నవి. పొరుగున నున్న బళ్ళారి జిల్లా కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన నివేదిక మఱియు విలువైనది. అచటి 533 బడులలో నొక్కదానికైనను నాటికి సర్కారు సాయము లేదని యాతడు సిగ్గుతో నొప్పుకొనెను. ప్రజల దారిద్ర్యమును, పూర్వపు రాజుల యాదరణము తొలగుటయు విద్య క్షీణించుటకు కారణములని యాతని నిర్ణయము.

ఆ బడులకు అనుమతిపత్రములు లేవు. ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు వల్లింపించి, అమరమును చెప్పు అయ్యవారిని గ్రామస్థులు పోషించుచుండిరి. పిల్లవాడు చదువగలిగెనా, లెక్క చెప్పగలిగెనా యనునదే పరీక్ష. అయినను నాటి పద్ధతి నిర్దుష్టమని తలపరాదు. బళ్ళారి జిల్లా విద్యార్థులు 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. గ్రామము మెచ్చిన బడిలో గ్రామము వెలివేసినవారి పిల్లలకు చోటు లేకుండెను. గ్రామపు గుర్తింపునకు గల పెద్దకొఱత యిదియే.

1854 నాటి చార్లెస్ వుడ్ లేఖవలన రెండవ దశ యారంభమయ్యెను. స్థానికుల యాజమాన్యము గలిగి, సర్కారు తనిఖీ కొప్పుకొను బడులకు సహాయద్రవ్యము నీయవచ్చునని యందు విధింపబడెను. 1868 మొదలు మద్రాసు రాజధానిలో పరీక్షాఫలితములనుబట్టి ద్రవ్య మిచ్చు పద్ధతి వచ్చెను. ఇనస్పెక్టరు వచ్చి పిల్లలచేత చదివించి, వ్రాయించి, లెక్కలు చేయించును. నెగ్గిన పిల్లలనుబట్టి బడికి రొక్కము ముట్టును. దీనిచే వీధిబడులనేకములు హాజరుపట్టీలు పెట్టి సర్కారు లెక్కలోనికి వచ్చెను. అమెరికను బాప్తిస్టు మిషనువారు ఒంగోలు, కంభము, మార్కాపుర ప్రాంతములలో పంచముల పిల్లలకు బడులు పెట్టిరి. గ్రామము గుర్తింపనివారిని ఇట్టి బడులు గుర్తించెను. కాని ఫలితపద్ధతికి దయ లేదు. 1876-78 నాటి ధాతుకరవువంటి కాలమున పిల్లలు వలసపోయినచో పరీక్ష లేదు, పరీక్ష లేనిచో రొక్కము లేదు. 1904లో ఇండియా ప్రభుత్వమే యీ పద్ధతిని నిరసించెను. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాశాసనము జిల్లా విద్యాసమితుల నేర్పరచి ప్రాథమికవిద్యా వ్యాప్తిని వాని కప్పగించెను. అప్పటికిని గుర్తింపులేని బడికి గ్రాంటు లేకుండెనేగాని, బడి పెట్టుట తప్పు కాలేదు.

మూడవ దశ 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాశాసనముతో బలపడెను. ముందు అనుమతి, పిదప గుర్తింపు అను రెండు మెట్లను ఆ శాసనమును 1993 నాటి నియమములును నిర్ణయించెను. 2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి యమలుపరచిన బాలల విద్యాహక్కు శాసనము 18వ ప్రకరణమున, గుర్తింపుపత్రము లేక ప్రైవేటు పాఠశాల నడపరాదనియు, నడపినవారికి లక్ష రూపాయలవఱకు జరిమానా యనియు, మానక కొనసాగించినచో దినమునకు పదివేలవఱకనియు శాసించెను. ప్రభుత్వ, స్థానికసంస్థల బడుల కీ పత్రముతో పని లేదు. అరువదిమంది పిల్లలవఱకు ఇద్దఱు ఉపాధ్యాయులు, ఉపాధ్యాయున కొక గది, బాలబాలికలకు వేర్వేఱు మరుగుదొడ్లు, ఆటస్థలము, సురక్షితమైన త్రాగునీరు ఉండవలెనని శాసనానుబంధము విధించుచున్నది.

ఈ కడపటి షరతు పశ్చిమ ప్రకాశమున సామాన్యమైనది కాదు. ఇచట వానలు తక్కువ. భూగర్భజలమున ఫ్లోరైడు దోషము పెక్కు గ్రామములను పీడించినది. కొళాయి యున్నదని దరఖాస్తులో వ్రాయుట సులభము. ఆ నీరు పిల్లల పండ్లను, ఎముకలను చెఱుపకుండునా యనుట వేఱు ప్రశ్న. నల్లమలలోని చెంచుగూడెమున కిద్దఱు ఉపాధ్యాయులు నిలుకడగా నుండుటయు నట్టిదే. మార్కాపురపు పలకలు దేశమందలి పిల్లల చేతులలో నక్షరములు దిద్దించినవి. ఆ పలకలు పుట్టిన సీమలోని పిల్లలకు పత్రముమీది బడి చాలదు.

గ్రామపు మెప్పునకు కులపు హద్దు లుండెను. ఇనస్పెక్టరు పరీక్షకు కరవు తెలియకుండెను. నేటి పత్రమునకు తనిఖీయే ప్రాణము. గుర్తింపు బడిని పుట్టింపదు, బడి యున్నదని సాక్ష్య మిచ్చును. సాక్షి స్వయముగా వచ్చి, నీరు త్రాగి, పిల్లలచేత చదివించి చూచినప్పుడే యా సాక్ష్యము చెల్లును.