లక్నవరం నీళ్ల మీద

చల్వాయి దగ్గర ఏటూరునాగారం రోడ్డు వదిలి బుస్సాపూర్ వైపు తిరగగానే రెండు పక్కలా వరి. వానకాలం చివరి రోజులు. పైరు మోకాలు దాటింది. మడుల్లో నీళ్లు, గట్ల మీద కొంగలు. కారు అద్దం దించితే తడిమట్టి వాసన. కాలువ నీళ్లు మీకు ఎదురొస్తున్నాయి. అవి ఎక్కడినుంచి బయల్దేరాయో అక్కడికే మీరు వెళ్తున్నారు.

పొలాలు వెనకబడి అడవి మొదలవుతుంది. గుట్టలు దగ్గరకొస్తాయి. చివరి మలుపు తిరిగాక ఒక్కసారిగా నీళ్లు. ఒడ్డు ఎక్కడో వెతికితే కొండ కనిపిస్తుంది, కొండ వెనక మళ్లీ నీళ్లు.

వేలాడే వంతెన మీద అడుగుపెడతారు. ఎదురుగా పిల్లలు పరుగెత్తుకొస్తే వాళ్ల అడుగుల ఊపు మీ అరికాళ్లకు తెలుస్తుంది. చెయ్యి దానంతటదే ఇనుప తాడును పట్టుకుంటుంది. నడిమధ్యలో ఆగి కిందికి చూడండి. ఆకుపచ్చ నీళ్లలో మీ నీడా వంతెన నీడా కలిసి ఊగుతుంటాయి. వంతెన దిగితే దీవి. అక్కడ బస చేసే గదులు, చెట్లకింద బల్లలు, వంటగది నుంచి చేపల వేపుడు ఘాటు.

బోటు దగ్గర లైఫ్ జాకెట్లు ఇస్తారు. ఇంతకుముందు వేసుకున్నవాళ్ల తడి ఇంకా ఆరలేదు. "అన్నా, అందరు ఒక్కదిక్కే కూసోకుండ్రి, బరువు సమానంగ ఉండాలె. అక్కా, పిల్లను నడిమిట్ల కూసోబెట్టు" అంటాడు బోటు నడిపే అబ్బాయి. బకిల్ పడ్డ చప్పుడు వినేదాకా ఇంజిన్ ముట్టుకోడు.

బోటు కదులుతుంది. చేతిని నీళ్లలో పెడితే పైన గోరువెచ్చగా, కాస్త లోపల చల్లగా తగులుతుంది. దీవి చుట్టూ తిరిగేసరికి నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చిన ఎండు మోడు ఒకటి కనిపిస్తుంది. దానిమీద నీటికాకి రెండు రెక్కలూ బార్లా చాచి కూర్చుంది. చేపకోసం లోతుకు మునగాలంటే ఈకలు తడవాలి. తడిసిన ఈకలు ఆరితేనే మళ్లీ హాయిగా ఎగరగలదు. మీ బోటు దగ్గరికొచ్చినా అది రెక్కలు ముడవదు. మెడ మాత్రం మీవైపు తిప్పుతుంది.

ఇక్కడినుంచి చుట్టూ చూస్తే ఈ చెరువును ఎలా కట్టారో అర్థమవుతుంది. కొండలు నీటిని ఆపే పని సగం ముందే చేసిపెట్టాయి. కాకతీయుల కాలంలో మనుషులు చేసింది కొండల మధ్య సందుల్ని చూసి అక్కడ కట్టలు పోయడం. అడవిలో కురిసిన వానంతా వచ్చి నిలిచింది. లోయలు మునిగాయి. మునగని గుట్టల తలలే మీరిప్పుడు దీవులంటున్నవి.

ఈ ప్రాంతమంతా ఇలాంటి నీళ్లే. 1199 నుంచి 1262 దాకా పాలించిన కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో సామంతులూ సేనానులూ మంత్రుల కుటుంబాలూ చెరువులు కట్టించారు. నర్సంపేట అవతల పాఖాల అలాంటిదే. పాలంపేటలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలామంది గుడి చూసి వెనుదిరుగుతారు. పక్కనే ఉన్న రామప్ప చెరువు దాకా తప్పకుండా వెళ్లండి, అక్కడా బోటు ఎక్కవచ్చు. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా, కన్నబిడ్డతో సమానంగా లెక్కపెట్టిన కాలమది. గుడికి ఎంత మనసు పెట్టారో చెరువుకూ అంతే పెట్టారు.

బోటు దిగాక నేరుగా కారెక్కకండి. కట్ట మీద నడవండి. ఒకవైపు అలలు రాళ్లకు తగులుతుంటాయి. రెండోవైపు, చాలా కిందుగా, మీరు వచ్చిన దారీ ఆ పచ్చటి మడులూ. తూము దగ్గర నిలబడితే షట్టరు కిందినుంచి నీళ్లు తోసుకొచ్చే హోరు వినిపిస్తుంది. తూములోంచి నురగతో దూకి, నాలుగడుగులు పోయేసరికి నిదానించి, కాలువలో మట్టిరంగుకు మారతాయి. పొద్దున మీకు ఎదురొచ్చినవి ఈ నీళ్లే. మంచి వానలు పడిన ఏడు చెరువు నిండి మత్తడి దూకుతుంది. ఆ వార్త వింటే ఆయకట్టు ఊళ్లలో యాసంగి మీద కూడా ఆశ పుడుతుంది.

ఎండాకాలం వస్తే కథ మారుతుంది. నీళ్లు దిగుతాయి, దీవుల చుట్టూ ఎర్రమట్టి అంచు బయటపడుతుంది. అది చూసి "చెరువు బాగాలేదు" అని నిరాశపడే సందర్శకులుంటారు. తగ్గిన నీళ్లలో చాలావరకు పొలాలకే పోయాయి. చెరువు తన పని తాను చేసింది.

అందుకే లక్నవరాన్ని విహారకేంద్రం అని మాత్రమే పిలిస్తే నాకు తక్కువచేసినట్టు అనిపిస్తుంది. కట్ట తెగకుండా, తూము పూడకుండా ఎన్నో తరాలు కాపాడుకున్నందువల్లే ఇవాళ మనకు బోటు షికారు దక్కింది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. పూడిక ఒకసారి తీస్తే సరిపోదు, ఏటా కనిపెట్టుకుని ఉండాలి. అందులో మన వంతు చిన్నదే. బోటులోంచి విసిరిన ప్లాస్టిక్ సీసా తూముకు అడ్డం పడుతుంది, లేదా ఎవరి మడిలోనో తేలుతుంది. మన సీసా మనతోనే తెచ్చుకుందాం. పిల్లల్ని బోటు ఎక్కించిన రోజే కట్ట ఎక్కించి తూము కూడా చూపిద్దాం. చెరువంటే ఏమిటో అక్కడ నిలబడితే వాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది.