సాయంకాలము ఇల్లు చేర్చెడి వైద్యము

విశాఖపట్టణపు మానసిక వైద్యాలయము 1871లో వెలసినది. మా మండపేటనుండి అది వందమైళ్ళ పైమాట. ఆ దారిన రైలు నడచినది 1893లో. అందాక, బండెక్కించి పంపిన రోగి ఇంటివారి కంటబడుట అరుదే గదా!

పగటి వైద్యాలయము ఆ ఎడబాటును తప్పించినది. అయితే అది ఆదర్శముతో పుట్టలేదు సుమండీ! 1933లో మాస్కోలో మంచములు చాలక, జగారోవ్ అను వైద్యుడు రోగులను పగలు ఉంచుకొని రాత్రి ఇంటికి పంపినాడు. 1946లో మాంట్రియల్‌లో కామెరాన్, లండన్‌లో బీరర్ ఆ దారినే పట్టిరి. (కామెరాన్ తరువాతి ప్రయోగములతో అపకీర్తి పాలైనాడు; అది వేరే కథ.)

అక్కడ జరుగునది ఇది: వారములో కొన్నిదినములు, దినమునకు కొన్ని గంటలు, తోటి రోగులతో కలిసి మాటలు, వైద్యునితో ఏకాంతముగా మాటలు, మందుల మార్పుచేర్పులు, ఏదైన చేతిపని. మొదట నోరు పెగలకపోవచ్చును, అలసటయు కలుగవచ్చును. ఆత్మహత్య తలపులు తీవ్రముగా ఉన్నచో ఇది చాలదు. రాత్రింబవళ్ళు కనిపెట్టియుండు ఆసుపత్రియే శరణ్యము. పొద్దుగూకిన పిదప భారము ఇంటివారిది: వేళకు మందిచ్చుట, "ఈవేళ ఏమి అడిగినారు?" అని నిలదీయక అన్నము వడ్డించుట.

ఇంటివారు రానీయరన్న కారణముననే రోగిని ఆసుపత్రిలో ఉంచరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, 19వ సెక్షనులో చెప్పినది.