కారు నెత్తిన మూట

కారు వెనక సామాను పెట్టుకునే చోటుని మనం డిక్కీ అంటాం. ఇంగ్లండు వాళ్ళు బూట్ అంటారు. అమెరికా వాళ్ళు ట్రంక్ అంటారు. ఒక్క గూటికి మూడు పేర్లు! బూటంటే కాలికి తొడుక్కునేది, ట్రంకంటే మంచం కింద వుండే పెట్టె. మరి డిక్కీ అంటే ఏమిటి? ఇంత చనువుగా వాడే మాటకి అర్థం తెలియకపోవడం ఏమిటని ఆరా తీస్తే తమాషా సంగతులు బయటపడ్డాయి. ఈ మూడూ ఒకప్పుడు బండి లోపలివి కానే కావు. మూడూ బండికి బయట తగిలించినవే.

ముందు బూటు సంగతి చెబుతాను. రైళ్ళు రాకముందు ఇంగ్లండులో దూర ప్రయాణాలన్నీ గుర్రపు కోచీల మీదే. డబ్బున్నవాళ్ళు లోపల కూర్చునేవాళ్ళు. లేనివాళ్ళు సుమారు సగం ఛార్జీ ఇచ్చి కప్పు మీదికెక్కి, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ వెళ్ళేవాళ్ళు. సామానూ వాళ్ళతోపాటు అక్కడే. పైన బరువు పెరిగితే ఏమవుతుంది? నెత్తిన బిందె మీద బిందె పెట్టుకుని నడిచే మనిషి ఒక్కసారి పక్కకి తిరిగితే ఏమవుతుందో అదే అవుతుంది. మలుపుల్లో కోచీలు తలకిందులయ్యేవి. కప్పు మీద ఆరుగురికి మించి ఎక్కించకూడదని 1788లో అక్కడి పార్లమెంటు చట్టం చేయాల్సివచ్చింది.

ఆ రోజుల్లోనే, 1784 ఆగస్టు 2న, జాన్ పామర్ అనే ఆయన పూనికతో బ్రిస్టల్ నుంచి లండనుకి మొదటి తపాలా కోచీ నడిచింది. తపాలా సంచుల్ని మాత్రం వాళ్ళు కప్పు మీద పెట్టలేదు చూశారా! వెనక వైపు కిందుగా ఒక పెట్టె బిగించి, అందులో వేసి తాళం పెట్టారు. ఆ పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని తుపాకీతో గార్డు కూర్చునేవాడు. ఆ పెట్టె పేరే బూట్. బరువైనదీ విలువైనదీ కింద వుండాలన్న బుద్ధి వాళ్ళకి అప్పుడే వుందన్నమాట.

ఇక మన డిక్కీ. గొప్పవాళ్ళ సొంత బగ్గీలకి వెనకాల ఒక సీటు వుండేది. నౌకర్లు కూర్చోడానికి. దాని పేరు డిక్కీ. కార్లు వచ్చాక కూడా అది పోలేదు. 1920ల నాటి చిన్న కార్లలో లోపల ఇద్దరికే చోటు. వెనక మూత ఎత్తితే ఇంకో సీటు బయటపడేది, పైన కప్పూ లేదు పాడూ లేదు. ఆ సీట్లో ఎవరు కూర్చునేవారో నేను వేరే చెప్పాలా? ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లదో వాళ్ళే అయివుంటారు. మనుషులు లేనప్పుడు ఆ మూత కింద సామాను పెట్టేవారు. క్రమంగా మనుషులు పోయి సామానే మిగిలింది. ఇంగ్లండులో ఆ మాట పాత కార్ల మీద మోజున్నవాళ్ళ నోట తప్ప వినపడదు. మనం మాత్రం దొరలు వదిలేసిన గొడుగులా దాన్ని భద్రంగా దాచుకుని రోజూ వాడుకుంటున్నాం.

మూడోది ట్రంకు. 1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టీ కారు తెచ్చినప్పుడు దానికి సామాను గది అంటూ లేదు. ఎక్కేటప్పుడు కాలు పెట్టే పక్క చెక్క మీద కొందరు మూటలు కట్టేవారు. కొందరు వెనకాల ఇనప చట్రం బిగించి, దాని మీద అచ్చంగా మన ట్రంకుపెట్టె లాంటి పెట్టెని తోలు పట్టీలతో కట్టేవారు. 1930లలో కారు ఒళ్ళే వెనక్కి పెరిగి ఆ పెట్టెని కడుపులో పెట్టుకుంది. పెట్టె పోయినా పేరు పోలేదు.

పెట్టెలంటే గుర్తొచ్చింది. ఇవాళ చేతిసంచీలకి పేరుమోసిన పారిస్ లూయీ విట్టాన్ కంపెనీ మొదట్లో ప్రయాణపు పెట్టెలు చేసేది. పాతకాలం పెట్టెల మూతలు వాన నీళ్ళు జారిపోవాలని గూనగా వుండేవి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలవవు. ఆయన 1858లో బల్లపరుపు మూత పెట్టి, నీళ్ళు ఇంకని గుడ్డ తొడిగాడు. అంతే, పెట్టెలు దొంతరగా నిలబడ్డాయి. మన వంటింట్లో డబ్బాలు కొనేటప్పుడు మనం చూసేదీ ఇదే కదా!

అయితే ఇదంతా వున్నవాళ్ళ కథ. లేనివాళ్ళు కారు నెత్తిన మూట కట్టిన కథ ఒకటుంది, అది చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. 1930లలో అమెరికా నడిమి రాష్ట్రాల్లో వానలు లేక, దుమ్ము తుఫాన్లకి పొలాలు పాడై, అప్పులకి ఇళ్ళు పోయి, లక్షలమంది ఊళ్ళు విడిచారు. చాలామంది పాత కార్లు, డొక్కు లారీలు పట్టుకుని పడమటికి కాలిఫోర్నియా దారి పట్టారు. డొరొతియా లాంజ్ అనే ఆవిడ ప్రభుత్వం తరఫున ఇలాంటి కుటుంబాల్ని ఫొటోలు తీసింది. ఆనాటి ఫొటోల్లో కారు కప్పు మీద పరుపులు, పక్కలకి వేలాడే బకెట్లు, కుర్చీలు. సంసారమంతా నలుగురూ చూసేట్టు నడివీధిలో! ఆ జనం మీదే జాన్ స్టెయిన్‌బెక్ 1939లో ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల రాశాడు. అందులో ప్రయాణం ముందు ఇంటి తల్లి తన చిన్న పెట్టె తెరుస్తుంది. పాత ఉత్తరాలు, ఫొటోలు. వాటిని తడిమి చూసుకుని, నాలుగైదు చిన్న నగలు మాత్రం తీసుకుని, పెట్టెని పొయ్యిలో పెట్టేస్తుంది. బండి మీద పరుపుకి చోటుంది, గిన్నెలకి చోటుంది, ఉత్తరాలకి లేదు. ఏది పైకెక్కాలో ఏది వదలాలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు, ఆవిడే తేల్చుకుంది.

మన దేశంలో కారు కారియరంటే నాకు అంబాసిడరే గుర్తుకొస్తుంది. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన కారది. దాని కప్పు అంచున వాన నీళ్ళు పోవడానికి సన్నటి తూము లాంటి గాడి వుండేది. ఇనప కారియరు కాళ్ళు ఆ గాడికి బిగించేవారు. దాని మీద హోల్డాలు, ట్రంకు, పైన టార్పాలిను, చుట్టూ కొబ్బరితాడు. ఆ తాడు ముడి వెయ్యడం ఇంటి అల్లుడి హక్కు. తరవాత వచ్చిన కొత్తరకం కార్లకి ఆ గాడి లేదు. కారియర్లు చేసేవాళ్ళు తలుపుల సందుల్లో పట్టుకునే కొత్త కొక్కేలు కనిపెట్టాల్సివచ్చింది. వాటికి పేరుపడ్డ స్వీడన్ కంపెనీ థూలే 1942లో మొదలైనప్పుడు చేసింది చేపలు పట్టే బుట్టలట!

మా ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ. కారు చిన్నది, మనుషులం అయిదుగురం. కప్పు మీద మూతపెట్టె కొందామని అబ్బాయి. పాతకాలం ఇనప కారియరే నయమని మావారు. వెనక తలుపుకి తగిలించేది చాలంటుంది కోడలు. నేను లెక్కలు చూశాను. కప్పు మీద పెట్టె వుంటే, గంటకి 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో, లీటరుకి వచ్చే మైలేజీ నూటికి 10 నుంచి 25 వంతులు తగ్గుతుందని అమెరికా ప్రభుత్వం వారి లెక్క. వెనక తగిలిస్తే పెద్ద రోడ్డు మీద కూడా 1 నుంచి 5 వంతులే. గాలికి అడ్డు అదీ సంగతి. ఇక చాలా చిన్న కార్ల కప్పు 75 కిలోలకి మించి మొయ్యదు, కారియరు బరువు కూడా అందులోదే. మన కారు మోసేది ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది, ఎవరూ తెరవరు గాని!

కోడలి మాటే నెగ్గేది, కాని వెనక తగిలిస్తే దీపాలూ నెంబరు ప్లేటూ కనపడక పోలీసువాడు ఆపుతాడు. డిక్కీ తీయాలన్నా ముందు దాన్ని దింపాలి. చివరికి పెట్టే వద్దు, వెనకదీ వద్దనుకుని, పైన తేలికపాటి కారియరే తీసుకున్నాం. దుప్పట్లు, దిళ్ళు, మడత కుర్చీ పైన. బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు డిక్కీలో. ఊరి నుంచి రాగానే కారియరు విప్పి అటక మీద పెట్టాలని నా షరతు, ఖాళీ కారియరు కూడా పెట్రోలు తాగుతుంది కనక. అటక మీద చోటెక్కడిదని మావారు అడిగారు. అక్కడ మా అత్తగారి ట్రంకుపెట్టె వుంది. అది దింపాలంటే ముందు అందులో ఏముందో చూడాలి.