స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో నికాహ్‌నామా, పాస్‌పోర్టు, గల్ఫ్ వీసా కాగితాల స్కాన్లు, పిల్లల మెమోలు, దుకాణం ట్యాలీ లెక్కలు అన్నీ ఒకే కంప్యూటర్లో పెట్టుకునే ఇళ్లున్నాయి. ఆ హార్డ్ డిస్క్ చెడిపోతే అన్నీ ఒకేసారి పోతాయి.

స్నాప్‌షాట్ అంటే ఏంటి?

ఒక టైంలో డిస్క్ మీద ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకోవడమే స్నాప్‌షాట్. ఇది ఫైళ్లన్నిటినీ మళ్లీ కాపీ చేయదు. తర్వాత ఏదైనా మారితే, మారిన ముక్క పాత రూపాన్ని మాత్రం దాచి ఉంచుతుంది. అందుకే సెకన్లలో అయిపోతుంది, జాగా కూడా తక్కువే పడుతుంది. విండోస్‌లో దీన్ని షాడో కాపీ అంటారు. పొరపాటున చెడగొట్టుకున్న ఫైల్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ విండోస్ 'సిస్టమ్ రీస్టోర్'ను నమ్ముకుని ఫొటోలు తీసేయకండి. అది సెట్టింగులు, ప్రోగ్రాముల కోసమే.

చిక్కు ఎక్కడ?

మామూలుగా స్నాప్‌షాట్ అదే డిస్క్ మీద ఉంటుంది. డిస్క్ పోతే అదీ పోతుంది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై వైరస్ దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడగడమే కాదు, షాడో కాపీలను కూడా చెరిపేసేది.

మరి బ్యాకప్?

బ్యాకప్ అంటే వేరే చోట ఉన్న పూర్తి కాపీ. దీనికి 3-2-1 లెక్క గుర్తుంచుకోండి. మొత్తం 3 కాపీలు, 2 రకాల పరికరాల్లో, అందులో 1 ఇంటి బయట. ఇంటి బయట ఎందుకంటారా? 2009 అక్టోబరు వరదల్లో ఆలంపూర్ నీట మునిగింది. అలాంటప్పుడు బీరువాలో పెట్టిన కాపీ కూడా దక్కదు.

ఏం చేయాలి?

* ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి విండోస్‌లో 'ఫైల్ హిస్టరీ' ఆన్ చేయండి. మ్యాక్‌లో అయితే 'టైమ్ మెషీన్'. పని అయ్యాక డిస్క్ తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే వైరస్ దానికీ పాకుతుంది.
* ట్యాలీ బ్యాకప్‌ను అదే కంప్యూటర్లో కాకుండా పెన్ డ్రైవ్‌లో తీసుకోండి.
* ముఖ్యమైన కాగితాలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. 15 జీబీ దాకా ఉచితం. అయితే సింక్ ఆన్‌లో ఉంటే ఇక్కడ తీసేసిన ఫైల్ అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.
* నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైల్ తీసి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.