లినక్సు స్థాపన సమస్యలు

లినక్సు స్థాపన సమస్యలు అనగా డెస్కుటాప్ కంప్యూటరులో లినక్సు ఆధారిత నిర్వాహక వ్యవస్థను, దానిపై పనిచేసే స్వేచ్ఛా సాఫ్టువేర్లను నెలకొల్పేటప్పుడు ఎదురయ్యే ఆటంకాలు. ఇవి స్థాపనకు ముందు, స్థాపన జరిగేటప్పుడు, తరువాత వాడేటప్పుడు అని మూడు దశలలో కనిపిస్తాయి. వీటిలో డిస్కులోని సమాచారం చెరిగిపోవడం ఒక్కటే తిరిగి పూడ్చుకోవడం దుర్లభమైన నష్టం. మిగిలినవి చాలావరకు యంత్రానికి హాని చేయనివి. తెరపై వచ్చిన సందేశాన్ని ఓపికగా చదివితే పరిష్కరించుకోగలిగినవి. తెలుగు వాడుకరులకు వీటికి తోడు ఖతులు, కీబోర్డులకు సంబంధించిన చిక్కులు కూడా ఉంటాయి.

నేపథ్యం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఫిన్లాండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు కెర్నలును విడుదల చేశాడు. ఈ రెండింటితో పాటు ఇతర సాఫ్టువేర్లను కలిపి కూర్చిన సంకలనాలను పంపిణీలు అంటారు. 1993లో మొదలైన డెబియన్, దాని ఆధారంగా 2004లో వచ్చిన ఉబుంటు వీటిలో ప్రసిద్ధమైనవి. ఉబుంటు సీడీలను కోరినవారికి 2011 వరకు తపాలాలో ఉచితంగా పంపేవారు. తెలుగులో వాడుకునేందుకు వీలుగా స్వేచ్ఛ అనే నిర్వాహక వ్యవస్థ 2005లో వెలువడింది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి తగిన అర్హతలు లేని పాత కంప్యూటర్లను పారవేయకుండా వాడుకునే మార్గాలలో లినక్సు స్థాపన ఒకటి.

స్థాపనకు ముందు

* నకలు: ముఖ్యమైన ఫైళ్ళను వేరొక డిస్కులోకి లేదా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవాలి. అదే డిస్కులోని డి డ్రైవులో దాచినది నకలుగా పనికిరాదు. మొత్తం డిస్కును చెరిపితే డి డ్రైవు కూడా పోతుంది.
* ప్రాసెసరు: ఉబుంటు 2017లో, డెబియన్ తన 13వ విడుదలతో 2025లో 32 బిట్ కంప్యూటర్ల స్థాపకాన్ని నిలిపివేశాయి. చాలా పాత యంత్రమైతే ముందుగా ఈ సంగతి చూసుకోవాలి.
* జ్ఞాపకశక్తి: ర్యామ్ 4 జీబీ కంటే తక్కువ ఉంటే ఉబుంటు సాధారణ రూపం మందకొడిగా నడుస్తుంది. అటువంటి వాటికి జుబుంటు, లుబుంటు వంటి తేలిక రూపాలు అనుకూలం.
* దిగుమతి సరిచూపు: దించుకున్న ఫైలులో కొంత భాగం చెడితే స్థాపన మధ్యలో ఆగిపోతుంది. పంపిణీవారు ప్రకటించిన చెక్‌సమ్‌తో ఫైలు చెక్‌సమ్‌ను పోల్చి చూస్తే ఈ లోపం ముందే తెలుస్తుంది.
* లైవ్ పద్ధతి: డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుండే లినక్సును నడిపి చూడవచ్చు. శబ్దం, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో ఇక్కడే తేలిపోతుంది.
* బిట్‌లాకర్: విండోసును కూడా ఉంచుకోదలచినవారు డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్నదేమో చూసి, ఉంటే దాని రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోవాలి.

స్థాపన సమయంలో

పెన్‌డ్రైవు నుండి కంప్యూటరు మొదలు కాకపోతే, బయాస్ లేదా యూఈఎఫ్ఐ అమరికలలో బూట్ క్రమం మార్చాలి. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోకి వచ్చిన సెక్యూర్ బూట్ కొన్ని పంపిణీలను అడ్డుకుంటుంది. ఉబుంటు, డెబియన్ వంటివి దానికి అనుగుణంగానే తయారవుతున్నాయి.

తెర నల్లగా మారి నిలిచిపోతే, ఎక్కువగా అది గ్రాఫిక్స్ డ్రైవరు లోపం. గ్రబ్ జాబితాలో ఇ మీట నొక్కి, లినక్సు అని మొదలయ్యే వరుసలో నోమోడ్‌సెట్ అనే పదాన్ని రోమన్ అక్షరాలలో చేరిస్తే తాత్కాలికంగా పని జరుగుతుంది. తరువాత తగిన డ్రైవరును స్థాపించుకోవాలి.

డిస్కు విభజన తెర అన్నింటికంటే కీలకమైనది. "మొత్తం డిస్కును చెరుపు", "విండోసు పక్కన స్థాపించు" అనే రెండు ఎంపికల మధ్య తేడా గ్రహించకుండా ముందుకు పోరాదు. రెండవ ఎంపిక కనిపించకపోతే, విండోసులోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి, కంప్యూటరును పూర్తిగా మూసి మళ్ళీ ప్రయత్నించాలి. ఈ దశలో విద్యుత్తు పోతే డిస్కు అస్తవ్యస్తం కావచ్చు. యూపీఎస్ ఉండటం మేలు.

స్థాపన తరువాత

* వైఫై పనిచేయకపోవడం: కొన్ని వైఫై కార్డులకు డ్రైవరును వేరుగా దించుకోవాలి. మొబైల్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఇంటర్నెట్ పొంది, ఆ డ్రైవరును స్థాపించవచ్చు.
* ప్యాకేజీ తాళం: మరొక కార్యక్రమం ప్యాకేజీ వ్యవస్థను వాడుతున్నదని సందేశం వస్తే, వెనుక తాజాకరణ జరుగుతూ ఉండవచ్చు. తాళపు ఫైలును తుడిచివేయక, కొంతసేపు వేచి ఉండాలి.
* మధ్యలో ఆగిన స్థాపన: డెబియన్, ఉబుంటులలో ఈ సందేశంలోనే పరిష్కారానికి కావలసిన ఆదేశం కూడా ఉంటుంది. దానిని టెర్మినల్‌లో ఉన్నది ఉన్నట్లుగా టైపు చేస్తే చాలు.
* ఆధారాలు కుదరకపోవడం: వేరొక విడుదలకు చెందిన ప్యాకేజీని స్థాపించబోతే ఈ లోపం వస్తుంది. పంపిణీవారి సొంత భాండాగారం నుండే తెచ్చుకోవడం ఉత్తమం.
* గడియారం తేడా: లినక్సు వాడిన తరువాత విండోసులో సమయం 5 గంటల 30 నిమిషాలు వెనుకబడి కనిపించవచ్చు. లినక్సు యంత్రపు గడియారంలో అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని, విండోసు స్థానిక కాలాన్ని ఉంచడమే కారణం. లినక్సులో స్థానిక కాలాన్ని వాడమని నిర్దేశిస్తే సరిపోతుంది.

తెలుగుకు సంబంధించిన చిక్కులు

అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఖతి లేదని అర్థం. లోహిత్ తెలుగు, పోతన 2000, వేమన 2000 ఖతులు డెబియన్, ఉబుంటు భాండాగారాలలో లభిస్తాయి. డబ్బాలకు బదులు పొంతన లేని రోమన్ అక్షరాలు కనిపిస్తే, ఆ ఫైలు యూనికోడ్‌లో లేదని గ్రహించాలి. డీటీపీ కేంద్రాలలో వాడే అను ఖతులతో టైపు చేసిన పత్రాలు ఈ కోవలోనివి. ఇది స్థాపన లోపం కాదు. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

టైపు చేయడానికి ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి పద్ధతులు గలవు. ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరికను అనుసరిస్తుంది. కొత్త పద్ధతి జాబితాలో కనిపించకపోతే ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ ప్రవేశించాలి.

నిజామాబాదు, బోధన్ ప్రాంతం ఉదాహరణ

మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వాడుకలో ఉన్నాయి. కనుక ఇక్కడి కంప్యూటరుకు మూడు లిపులు అవసరమవుతాయి. మరాఠీకి లోహిత్ దేవనాగరి, ఉర్దూకు నోటో నస్తలీఖ్ ఉర్దూ ఖతులు ఉపకరిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు నేర్చినవారు అవే మీటలతో మరాఠీ కూడా టైపు చేయగలరు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది గనుక లిబ్రెఆఫీసులో పేరా దిశను మార్చుకోవాలి.

బోధన్‌లో 1930వ దశకంలో నెలకొల్పబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం ఉన్న చోటు శక్కర్‌నగర్. ఈ పేరును మామూలుగా టైపు చేస్తే "శక్కర్నగర్" అని రకారం కింద నకారపు ఒత్తు చేరిపోతుంది. "ర్" తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరాన్ని చేర్చినప్పుడే పేరు సరిగా వస్తుంది. "బోధన్‌లో" అనడానికి కూడా ఇదే నియమం. ఈ పేర్లను టైపు చేసి చూడటం తెలుగు అమరిక సరిగా కుదిరిందో లేదో తెలుసుకునే సులభమైన పరీక్ష.

సహాయం కోరే విధానం

సహాయం అడిగేటప్పుడు పంపిణీ పేరు, విడుదల సంఖ్య, కంప్యూటరు నమూనా, చివరగా చేసిన పని, దోష సందేశపు పూర్తి పాఠం తెలపాలి. "పనిచేయడం లేదు" అన్న ఒక్క మాటతో ఎవరూ కారణం ఊహించలేరు. సందేశం కనుమరుగయ్యేలోగా ఫోనుతో ఫోటో తీసుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* ఉబుంటు
* డెబియన్
* యూనికోడ్
* తెలుగు లిపి
* బోధన్